పక్షం రిపోర్టులో ఒకటిన్నర లైను

1953 జూలై 4, శనివారం

దొర చదవని కాగితం ఒక్కటైనా ఈ ముజైర రేవులో ఉండాలని ఈ పుస్తకం మొదలుపెట్టాను. నేను మున్షీగా పనిచేసే ఇంగ్లీషు ఏజెంటు దొర ఆఫీసు బీరువాలో పడి ఉన్న పాత ఓడల రాకపోకల పుస్తకం ఇది, సగానికి పైగా తెల్లకాగితాలే. నా భార్య మౌజాకి చదువు రాదు. ఇంట్లో ఎక్కడ పెట్టినా ఒకటే.

ఇవాళ పొద్దున్న రేవులో పని ఆగిపోయింది. చమురు ఓడ లంగరేసి నిలబడింది, గొట్టం తగిలించే నాథుడు లేడు. మొన్న బుధవారం ఎండలో గొట్టాలు మోస్తూ ఇద్దరు పడిపోయారు. ఒకడు లేచాడు. రెండోవాడు జుమా, వాడు లేవలేదు. నీళ్ళ ట్యాంకు దగ్గర తెల్లవాళ్ళ బకెట్లు నిండేదాకా మనవాళ్ళు నోళ్ళు ఎండబెట్టుకుని నిలబడాలి. కాస్త నీడ, కడుపారా నీళ్ళు, అంతకుమించి వాళ్ళేమీ అడగలేదు.

ఊరిని ఏలే షేక్ గారికి అర్జీ రాసి, కింద నలభై మూడు వేలిముద్రలు గుండ్రంగా వేశారు. వరుసగా వేస్తే మొదటివాడెవడని పట్టుకుంటారు. మన తాతలు ముత్యాల పడవల్లో సరంగుల మీద ఫిర్యాదు చేసుకున్నప్పుడూ ఇలాగే వేసేవారు. షేక్ గారు దాన్ని చదవకుండానే దొరకి పంపేశారు. మార్స్‌డెన్ దొర ఆ కాగితాన్ని బల్ల మీద పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయన మన భాష పాత పుస్తకాల్లో నేర్చుకున్నాడు. నోరు విప్పితే మా ముత్తాత సమాధిలోంచి లేచి మాట్లాడినట్టే ఉంటుంది.

"ఘానిం, ఈ వలయమునకు ఆది ఎచ్చట?"

"ఉండదు దొరా. అందుకే అలా వేస్తారు."

"మిక్కిలి చతురులు" అని నవ్వాడు. మనిషి చెడ్డవాడు కాడు.

అర్జీ ఎవరు రాశారో నాకు తెలుసు. ఆ పొడుగు చేతిరాత ఊళ్ళో ఒక్కడికే ఉంది. నన్నెవరూ అడగలేదు, నేను చెప్పలేదు.

జూలై 5, ఆదివారం

సాయంత్రం సరంగు ఖల్ఫాన్ మామ ఇంటికి వెళ్ళాను. ఆయన సొంత మామ కాదు. మౌజా పసిగుడ్డుగా ఉన్నప్పుడే తల్లి పోతే, ఖల్ఫాన్ భార్య తన పాలిచ్చి పెంచింది. పాలిచ్చాక కన్నకూతురితో సమానమే, పెళ్ళిలో కూడా ఆయనే నా చేతిలో చెయ్యి పెట్టాడు. ఆ లెక్కన ఆయన కొడుకు సుహైల్ నాకు బావమరిది. ఆ పాలచుక్కల్లోనే దేవుడు నాకీ నోటిదురుసు బావమరిదిని కూడా కలిపిచ్చాడు.

ఎప్పటిలాగే కాఫీ గదిలో పదిమంది దాకా ఉన్నారు. రేడియోలో కైరో మాట్లాడుతోంది, తెల్లవాళ్ళు అరబ్బు నేల వదిలి పోవాలని. నేను గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే సుహైల్ అందుకున్నాడు.

"రా బావా, రా! చెప్పులతోపాటు చెవులు కూడా అక్కడే వదిలిరా. పోయేటప్పుడు తగిలించుకుని పోదువుగానీ. ఎవరూ ఎత్తుకుపోరులే, అవి దొరగారివని అందరికీ తెలుసు!"

గది గదంతా గొల్లుమంది. "ఊరుకోరా వెధవా, ఇంటి అల్లుడు" అని మామ కసిరాడుగానీ, ఆయనా నవ్వాపుకోలేకపోయాడు. ఉప్పునీళ్ళు తినేసి చూపు పోయిన ఆ కళ్ళలోంచి కూడా నీళ్ళు కారాయి.

అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. బావమరిది హాస్యమాడకపోతే ఇంకెవడు ఆడతాడు? నాకేమీ అనిపించలేదు.

జూలై 7, మంగళవారం

నేను రాసే పక్షం రిపోర్టు దొర చేతి మీదుగా పై ఆఫీసుకి వెళ్ళింది. వచ్చిన ఓడలు, వీచిన గాలి, షేక్ గారి కాలి మీద సెగ్గడ్డ, బజారులో బియ్యం కొరత, ఇంకా ఇతరాలు. దొర అర్జీ సంగతి గుచ్చిగుచ్చి అడిగాడు. ఏదో ఒకటి రాయక తప్పలేదు. ఊరందరికీ తెలిసిందే రాశాను.

జూలై 8, బుధవారం

విపరీతమైన ఉక్క. చేపలు దొరకలేదు. రిపోర్టులో ఏమీ లేదు, అంతా అందరికీ తెలిసిందే.

జూలై 13, సోమవారం

సుహైల్‌ని పట్టుకుపోయారు.

మధ్యాహ్నం షేక్ గారి భటులు నలుగురు, పని మళ్ళీ మొదలైన రేవు మీదకి వచ్చి, వాల్వు దగ్గర పని చేస్తున్నవాణ్ణి చేతులు కట్టి తీసుకుపోయారట. ఎవరినీ ఏమీ అడగలేదు, వెతకలేదు, నేరుగా వాడి దగ్గరికే వచ్చారు. నలభై మూడు వేలిముద్రల్లో వాడి వేలు ఏదో వాళ్ళకెలా తెలిసిందని ఊరంతా ఒకటే గుసగుస. వాడి భార్యకి ఏడో నెల.

పై ఆఫీసు నుంచి తంతి వచ్చిందని దొర చెప్పాడు. దేశ బహిష్కారమట. ఇరవై మూడో తారీఖు గురువారం బస్రా పోయే ఓడ ఎక్కిస్తారు. మళ్ళీ ఈ తీరంలో కాలు పెట్టడానికి లేదు.

"దొరా, నీళ్ళడిగినందుకా?" అన్నాను.

"జలము కొరకు కాదు. కైరో కొరకు" అన్నాడు.

కైరో రేడియో ఊళ్ళో ఎవడు వినడు? షేక్ గారి వంటవాడు కూడా వింటాడు.

జూలై 14, మంగళవారం

మౌజా నిన్నటి నుంచి అన్నం ముట్టలేదు. నాకు మాత్రం చేప వేయించి ముందు పెట్టి, ఎదురుగా కూర్చుంది.

"తిను. తిని బలం తెచ్చుకుని మీ దొర దగ్గరికి పో. పదహారేళ్ళ నుంచీ ఆయనకీ, ఆయన ముందువాళ్ళకీ రాస్తూనే ఉన్నావు కదా. దేవుడు నీకు చేతులొక్కటే ఇచ్చాడా, నోరివ్వలేదా?"

"అడుగుతానే. అడగననలేదుగా."

"నా తమ్ముడయ్యా వాడు! ఒక్క రొమ్ము పాలు తాగాం. వాడి పేరు చెప్పిన నాలుకకి పురుగులు పడ!"

నేను తలొంచుకుని చేప ముల్లు తీసుకుంటూ కూర్చున్నాను.

జూలై 15, బుధవారం

దొరకి విన్నపం ఒకటి రాశాను, చక్కటి ఇంగ్లీషులో. సుహైల్ తండ్రి గుడ్డివాడనీ, భార్య గర్భవతనీ, కుర్రతనం తప్ప వేరే దురుద్దేశం లేదనీ. మూడుసార్లు తిరగరాశాను. చదువుకుంటే నాకే కళ్ళు చెమర్చాయి. ఇంత మంచి విన్నపం రాసినవాడు చెడ్డవాడెలా అవుతాడు?

దొర చదివి పక్కన పెట్టాడు. "నీ శైలి బాగున్నది" అన్నాడు. అంతే.

జూలై 16, గురువారం

మురాద్ నీళ్ళ బండి అద్దాలు పగలగొట్టారు. వాణ్ణి కిందకి లాగి తల పగలగొట్టారు కూడా. బలూచీ వాడు, పరాయివాడు, పైగా రోజూ దొర ఇంటికి నీళ్ళు తోలతాడు. ఇంకేం కావాలి? సుహైల్ పేరు వాడే అందించాడని ఊరు తేల్చేసింది.

పాపం అనుకున్నాను. పాపం అనుకుని, లోపలెక్కడో కాస్త ఊపిరి తీసుకున్నాను. అది కూడా రాయాలి. దొర చదవని కాగితం అన్నాక రాయాలి కదా.

జూలై 17, శుక్రవారం

ఇవాళ జరిగింది జరిగినట్టు రాస్తాను.

శుక్రవారం నమాజు అయ్యాక మామ మా ఇంటికి వస్తున్నాడని కబురొచ్చింది. ఒంటరిగా కాదు, పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని. అలా వచ్చాడంటే దేనికో ముజైరలో పాలు తాగే పిల్లకైనా తెలుసు. మౌజా పొద్దుటి నుంచే గింజలు వేయించి, ఏలకులు దంచి, కాఫీ కూజా నిప్పుల మీద పెట్టింది.

"నాన్న కప్పు తీసుకుని తాగకుండా కింద పెడతాడు" అంది. "ఏమడుగుతాడో నీకూ తెలుసు, నాకూ తెలుసు. కాదన్నావా..."

"కాదంటానా! అంత నమ్మకం లేదా నా మీద?"

"ఉంది. అందుకే చెప్తున్నాను" అని తెర వెనక్కి వెళ్ళింది.

నిజానికి నేను ఎదురుచూశాను. మామ అందరి ముందూ నన్ను అడగాలి, నేను అందరి ముందూ మాటివ్వాలి, దొర దగ్గరికి వెళ్ళి కాళ్ళావేళ్ళా పడాలి. సుహైల్ వస్తే మంచిదే. రాకపోయినా, ఘానిం చేయాల్సింది చేశాడంటారు. ఆ మాట నాకు చాలా అవసరంగా ఉంది.

వచ్చారు. కూర్చున్నారు. ఖర్జూరాలు పెట్టాను. నేనే నిలబడి ఎడమచేత్తో కూజా పట్టుకుని మొదటి కప్పు మామకి పోశాను. ఆయన కప్పు తీసుకున్నాడు. వేళ్ళతో తడుముకుని చాప మీద, మోకాలి ముందు పెట్టాడు. 

కప్పు కింద పెట్టినవాణ్ణి ఏం కావాలని ముందు అడగకూడదు. ముందు ఇస్తాననాలి, ఆ తర్వాతే వినాలి. అడిగి బేరమాడేవాడి ఇంట్లో ఇంకెవరూ కాఫీ తాగరు. అది తెలిసిందే. కానీ నేను అక్కడితో ఆగానా? నా నోటికి దయ్యం పట్టింది.

"తాగు మామా! అడిగేది ఏదైనా ఇచ్చినట్టే. నా తలైనా సరే, నా ఉద్యోగమైనా సరే. ఇంతమంది సాక్షి" అన్నాను.

"దేవుడు నిన్ను చల్లగా చూడాలి" అన్నారు అందరూ. తెర వెనక మౌజా వెక్కిన చప్పుడు వినిపించింది. మామ కప్పెత్తి తాగాడు. ఇంకోటి పోయించుకుని అదీ తాగాడు. మూడోది వద్దని కప్పు ఊపి ఇచ్చేశాడు. ఆ తర్వాత మాట్లాడాడు.

"నాయనా ఘానిం, నా కొడుకును విడిపించమని నేనడగను. షేక్ చేతిలోంచి పోయింది, దొర చేతిలోంచి కూడా పోయిందంటున్నారు. నీ చేతిలో లేనిదాన్ని నిన్నెందుకడుగుతాను? నీ చేతిలో ఉన్నదే అడుగుతాను. ఆ ఆఫీసులో ప్రతి కాగితం నీ కళ్ళముందు నుంచే పోతుంది. నా కొడుకు పేరు ఎవడిచ్చాడో చూసి చెప్పు."

నా చేతిలో కూజా ఉంది. తీసుకెళ్ళి నిప్పుల మీద పెట్టాను.

"పగ కోసం కాదు" అన్నాడు మామ. "నా పేరు చెప్పుకుని కుర్రాళ్ళు ఆ నీళ్ళ బండివాడి బుర్ర బద్దలు కొట్టారు. వాడే అయితే ఊరు వదిలి పోవాలి. వాడు కాకపోతే, వాడి రక్తం నా గుమ్మం మీదుంది. రేపు దేవుడికి నేనేం చెప్పుకోవాలి?"

"మామా... ఆఫీసు రహస్యం..."

"తలైనా ఇస్తానన్నావు కదరా" అన్నాడు. ఎగతాళిగా కాదు, మామూలుగా అన్నాడు.

మూడు రోజులు గడువడిగాను. అతిథికైనా మూడు రోజులుంటాయి కదా అని పెద్దవాళ్ళు తలూపారు. సోమవారం సాయంత్రం అసర్ నమాజు తర్వాత ఆయన ఇంట్లో చెప్పాలి.

జూలై 18, శనివారం

ఆఫీసుకి వెళ్ళాను. ఫైలు తెరవలేదు. తెరిచి చూడ్డానికి ఏముంది అందులో?

పదింటికి మురాద్ వచ్చాడు. తలకి కట్టు. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"మున్షీ గారూ, మీరు చదువుకున్నవారు, మీ మాట వింటారు. వాళ్ళకి చెప్పండి. దొర నాతో మాట్లాడేది రోజుకి ఒకటే మాట. 'నీళ్ళు' అంటాడు. 'పోశాను' అంటాను. దాంట్లో నేనేం చాడీలు మోయగలనండీ?"

"చూస్తాను మురాద్."

"ఇవాళ మా ఆవిడ నూతి దగ్గరికెళ్తే తాడు తీసేసుకున్నారు. నీళ్ళు తోలేవాడి ఇంట్లో నీళ్ళు లేవు." అని నవ్వబోయాడు, కట్టు లాగినట్టుంది, నవ్వలేకపోయాడు.

జూలై 19, ఆదివారం

మురాద్ అని చెబితే ఎవరికి నష్టం? వాడెలాగూ సొంతూరు గ్వాదర్ వెళ్ళిపోదామనే అనుకుంటున్నాడు. ఇక్కడ వాడికి ఇల్లా, పొలమా? దొరకి చెప్పి రేపే ఓడ టిక్కెట్టు ఇప్పిస్తాను. పైగా ఇంకో ఉద్యోగం. వాడికే మేలు. ఊరు కూడా చల్లబడుతుంది. మామకి మనశ్శాంతి. ఎవరికి నష్టం?

మౌజా కూడా అదే అంది. "ఇంకా ఏం వెతుకుతున్నావు? మురాదే. మనవాళ్ళలో ఎవడైనా అంత పని చేస్తాడా?"

ఆ మాట విన్నాక కంచం పక్కకి నెట్టి లేచాను. 

అదే రోజు, సాయంత్రం

ఏడో తారీఖు పేజీ తిప్పి చూశాను. 'దొర గుచ్చిగుచ్చి అడిగాడు' అని రాసుకున్నాను. నా పుస్తకంలో, నాకు నేనే.

దొర అడగలేదు. ఆయన స్నానానికి పోతూ రిపోర్టు చేత్తో పట్టుకుని, "ఘానిం, ఈ పర్యాయము మిక్కిలి పలుచగా ఉన్నది" అన్నాడు. అంతే. అర్జీ మాటే ఎత్తలేదు. రెండో పేజీ సగం ఖాళీగా ఉంది. పదహారేళ్ళలో నేను రెండు పేజీలకి తక్కువ ఎప్పుడూ పంపలేదు. షేక్ గారి సెగ్గడ్డని ఎంత సాగదీసినా నాలుగు లైన్లు దాటలేదు. మళ్ళీ టైపు మిషను ముందు కూర్చుని ఇది కొట్టాను:

'అర్జీ రాసినవాడు సరంగు ఖల్ఫాన్ కొడుకు సుహైల్ అని వినికిడి. సాయంత్రాలు కైరో రేడియో పెట్టి జనాన్ని పోగుచేస్తున్నాడు.'

ఒకటిన్నర లైను. చెవుల హాస్యం అప్పటికింకా చెవుల్లోనే మోగుతోంది. అది కూడా నిజమే. నాకేమీ అనిపించలేదని రాసుకున్నాను చూడు, అది అబద్ధం. నా ఒళ్ళంతా మండిపోయింది. వాడు పదిమందిలో నన్ను నవ్వులపాలు చేశాడు, నేను ఒక్క వేలితో వాణ్ణి మిషను మీద కొట్టాను. పోనీ వాణ్ణి ఓడ ఎక్కించాలని అనుకున్నానా అంటే లేదు. ఏమవుతుందో అనుకోలేదు. అసలు ఏమీ అనుకోలేదు. ఇంతకంటే సిగ్గుచేటు ఇంకోటుందా?

జూలై 20, సోమవారం

చెప్పేశాను.

అసర్ నమాజు అయ్యాక వెళ్ళాను. మామ కాక తొమ్మిదిమంది ఉన్నారు. నా వెనకే మౌజా కూడా వచ్చి ఆడవాళ్ళ వైపు తెర వెనక కూర్చుంది. కాఫీ ఇవ్వబోతే వద్దన్నాను. ముందు మాట చెల్లించుకోనివ్వండి అన్నాను.

"మురాద్ కాదు" అన్నాను.

"మరెవరు?" అన్నాడు మామ.

దారిపొడుగునా పెద్ద ప్రసంగం తయారుచేసుకున్నాను. విధి, తిండి, తెల్లవాడి కింద కొలువు, అన్నీ అందులో ఉన్నాయి. అక్కడ నోరు తెరిస్తే ఒక్క ముక్క గుర్తు రాలేదు.

"నేనే మామా. ఆ పేరు రాసింది నేనే."

 ఎవరో 'తౌబా, దేవుడా క్షమించు' అన్నారు. మామ తల నా గొంతు వైపు తిరిగింది. చూపు లేని ఆ కళ్ళు నా ముఖానికి కాస్త పక్కగా, గోడ మీద ఆగాయి.

"కొట్టారా నిన్ను?"

"లేదు."

"ఉద్యోగం తీసేస్తామన్నారా?"

"లేదు మామా. ఎవరూ ఏమీ అడగలేదు. కాగితం నిండలేదు. నింపాను."

"వాడు నిన్ను చెవులన్నాడు, అందుకా?"

"అందుకు కూడా."

 తిడతాడేమో, లేచి కొడతాడేమో అని చూశాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆయన నన్ను వదిలేసి పక్కవాళ్ళతో మాట్లాడాడు.

"మురాద్‌కి కబురు పెట్టండి. నేనే వాళ్ళింటికి వస్తున్నానని చెప్పండి. గొర్రెనొకదాన్ని కోసి పంపండి. నూతి తాడు వాళ్ళ ఆవిడ చేతికి మీరే ఇచ్చి రండి. కుర్రాళ్ళని నా ముందుకు పిలవండి."

"మామా" అన్నాను.

"మాట చెల్లించావు" అన్నాడు, నా వైపు తిరక్కుండానే. "ఇక వెళ్ళు."

లేచాను. చెప్పులు వేసుకున్నాను. ఒక్కడు కూడా 'క్షేమంగా వెళ్ళు' అనలేదు. ఆ గదిలోంచి కుక్కనైనా ఆ మాట లేకుండా ఎవరూ పంపరు.

జూలై 21, మంగళవారం

మౌజా ఇంటికి రాలేదు. పొద్దున్న బట్టల మూట కోసం వచ్చింది. నేను గుమ్మంలోనే నిలబడ్డాను.

"పురుగులు పడాలన్నాను" అంది. "నాకేం తెలుసు, నా కంచంలో చేప తింటున్న నాలుకేనని."

"మౌజా, నేను చెప్పేశాను కదా. మురాద్ మీదకి నెట్టేసి ఊరుకుని ఉంటే నువ్వు కూడా నమ్మేదానివి."

"నమ్మేదాన్ని" అంది. "అందుకే ఇంకా భయం. పదిహేనేళ్ళు నీ పక్కన పడుకుని, ఇంకా ఏమేం నమ్మానో నాకు తెలీదు."

"మళ్ళీ వస్తావా?"

"వాడి బిడ్డ పుట్టనీ. వాడు పక్కన లేకుండా పుట్టబోయే ఆ బిడ్డని ఎత్తుకోవడానికి ఒక మేనత్తైనా ఉండాలి. ఆ తర్వాత సంగతి దేవుడికి తెలుసు."

మూట ఎత్తి నెత్తిన పెట్టుకుంది. సాయం పట్టబోయాను, వద్దంది.

జూలై 22, బుధవారం

ఏమీ లేదు.

జూలై 23, గురువారం

ఓడ పొద్దున తొమ్మిదింటికి పోయింది.

వెళ్ళకూడదనుకున్నాను. వెళ్ళాను. చమురు డబ్బాల గుట్ట వెనక నిలబడ్డాను. రేవంతా జనం, ఎవరూ అరవలేదు. సుహైల్ చేతులు విప్పి పడవ ఎక్కించారు. మామని ఎవరో ముందుకు నడిపించారు. ఆయన కొడుకు ముఖం రెండు చేతులతో తడిమాడు. నుదురు, ముక్కు, గడ్డం, మళ్ళీ నుదురు. మళ్ళీ చూడలేనిదాన్ని వేళ్ళతో బట్టీ పెడుతున్నాడని నాకర్థమైంది. నాకు ఏడుపు ఆగలేదు. నేను ఏడవడానికి నాకేం హక్కుందని ఏడ్చాను? అయినా ఏడ్చాను.

సుహైల్ నన్ను చూశాడు. డబ్బాల సందులోంచి సూటిగా చూశాడు. ఏదో ఒకటి అంటాడనుకున్నాను. వాడి నోరు ఊరుకునేది కాదు కదా. ఏమీ అనలేదు. పదిహేనేళ్ళలో వాడు నన్ను ఏమీ అనకుండా వదిలింది ఈ ఒక్కసారే.

జూలై 25, శనివారం

దొర పిలిచాడు. బల్ల మీద ఒక కాగితం ఉంది, నా చేతి రాత కాదు. మన లిపిలో, పెన్సిలుతో, గబగబా రాసింది.

"ఘానిం, గత సోమవారము వృద్ధుడైన ఖల్ఫాను గృహమున నీవు కొన్ని పలుకులు పలికితివని వింటిని."

 "ఎవరు చెప్పారు దొరా?"

"అది నీకు అనవసరము. అచ్చట కూడినవారి నామములు ఇందులో ఉన్నవి. సరియేనా చూచి, కింద పొడి సంతకము పెట్టుము. వచ్చే రిపోర్టున చేర్చవలెను."

చదివాను. మామ పేరు పైన. దాని కింద ఎనిమిది మంది మగవాళ్ళ పేర్లు. చివర, తెర వెనక మౌజా అని కూడా ఉంది.

ఆ రోజు మామ కాక తొమ్మిదిమంది కూర్చున్నారు. నేను ఒక్కొక్కరి ముఖమూ చూశాను, జన్మలో మర్చిపోను. మళ్ళీ మొదటి నుంచి చదివాను. లేని పేరు ఎవరిదో తెలిసిపోయింది. ఎవడూ తన పేరు తానే రాసుకోడు కదా.

"సంతకం పెట్టను దొరా."

"ఏల?"

"ఒకడు తన తప్పు ఒప్పుకున్నాడు. మిగిలినవాళ్ళు విన్నారు. వినడమే నేరమైతే ముందు మన ఆఫీసు మూసేయాలి."

ఆయనకి కోపం రాలేదు. అదే ఆయనతో చిక్కు. నా వైపు జాలిగా చూసి, "నీవు అలసితివి. కొంతకాలము విశ్రమించుము" అన్నాడు. బీరువా తాళాలు బల్ల మీద పెట్టి వచ్చేశాను. ఆ కాగితానికి నా సంతకం లేకపోయినంత మాత్రాన అది పోకుండా ఆగదని నాకు తెలుసు.

ఇంటికి రాలేదు. నేరుగా మామ ఇంటికి నడిచాను. నడుస్తూ నడుస్తూ ఒక ఆలోచన తగులుకుంది, అది ఎంత తియ్యగా ఉందంటే సిగ్గేసింది. ఆ ఒక్క పేరు నా దగ్గరుంది. అది ఇస్తే చాలు. 'చూశారా, నేనొక్కణ్ణే కాదు, మీ చాప మీదే ఇంకొకడున్నాడు' అంటాను. నన్ను లోపలికి రానిస్తారు. కాఫీ పోస్తారు. మౌజా మూట తీసుకుని ఇంటికొస్తుంది. వాడి ఇంటి మీద రాళ్ళు పడతాయి, వాడి పిల్లలకి నూతి తాడు దొరకదు. దొరకకపోతే నాకేం? ఒక పేరే కదా.

ఆ చివరి మాట ఎవరిదో నాకు తెలుసు. మిషను ముందు కూర్చున్నవాడిది.

గుమ్మం దాటలేదు. గోడ బయట నిలబడి పిలిచాను.

"మామా, నేను ఘానింని. లోపలికి రాను. ఒక్క మాట చెప్పి పోతాను. సోమవారం నీ గదిలో కూర్చున్నవాళ్ళ పేర్లు దొర బల్ల మీదున్నాయి. మౌజా పేరు కూడా ఉంది. నేను ఇవ్వలేదు, ఒట్టు. ఇకనుంచి ఆ గదిలో అర్జీల ఊసెత్తకండి. వాల్వుల దగ్గర పనిచేసే కుర్రాళ్ళని నాలుగు రోజులు రావద్దనండి."

 కర్ర చప్పుడు వినిపించింది, గోడ దాకా వచ్చింది. ఆయన ఊపిరి వినిపించేంత దగ్గరగా ఆగింది.

"ఎవడ్రా?" అన్నాడు మామ.

ఐదు రోజుల్లో ఆయన నాతో మాట్లాడటం అదే మొదలు. గొంతులో కోపం లేదు. అల్లుణ్ణి అడిగినట్టే అడిగాడు. "చెప్పు నాయనా. ఎవడు?"

తెర వెనక గాజుల చప్పుడైంది. మౌజా కూడా వింటోంది.

నేను జవాబు చెప్పకుండా వచ్చేశాను. ఆ పేరు ఈ పుస్తకంలో కూడా రాయను.